ట్రాన్స్‌లేట్ : ఒక క్రియ, రెండు ఒడ్లు

ఇంగ్లీషులో కొన్ని క్రియలు చూడటానికి సాదాగా ఉంటాయి. బడిపిల్లవాడికి కూడా అర్థం తెలిసినట్టే ఉంటుంది. కానీ వాటి వెనక్కి నాలుగడుగులు నడిస్తే పెద్ద ఊరే కనిపిస్తుంది. ‘ట్రాన్స్‌లేట్’ అలాంటి క్రియ. అర్థం ఏమిటంటే ‘అనువదించు’ అని ఠక్కున చెబుతాం. నిఘంటువూ అదే చెబుతుంది. కానీ ‘అనువదించు’ అనే మాటకూ ‘ట్రాన్స్‌లేట్’ అనే మాటకూ మూలంలో పోలికే లేదు. ఒకటి మోసుకుపోయే మాట, ఇంకొకటి తిరిగి పలికే మాట. ఈ రెండింటినీ సమానం చేసి కూర్చోవడం వల్ల మన అనువాద విమర్శలో కొన్ని చిక్కులు వచ్చాయని నా అభిప్రాయం. ముఖ్యంగా హోసూరులోనో బళ్లారిలోనో బరంపురంలోనో సిరొంచలోనో యానాంలోనో ఉంటూ రోజుకు పదిసార్లు భాష మార్చి బతికే మనలాంటి వాళ్లకు ఈ తేడా కేవలం పండిత చర్చ కాదు.

ముందు మాట పుట్టుక చూద్దాం. లాటిన్‌లో ‘ఫెరో’ అంటే మోయు, తీసుకుపోవు. ఈ క్రియకు ఒక వింత లక్షణం ఉంది. దాని రూపాలన్నీ ఒకే ధాతువు నుంచి రావు. వర్తమానంలో ‘ఫెరో’, భూతకాలంలో ‘తులి’, భూతకాల విశేషణంలో ‘లాతుస్’. మన ‘వచ్చు’ అనే క్రియకు ‘రా’, ‘రావడం’ అనే రూపాలు వేరే మొదలు నుంచి వచ్చి కలిసినట్టే ఇదీ. దీనికి ముందు ‘ట్రాన్స్’, అంటే ‘అవతలికి’ అనే ఉపసర్గ చేరిస్తే ‘ట్రాన్స్‌ఫెరో’ అవుతుంది. వర్తమాన రూపం నుంచి ఇంగ్లీషుకు ‘ట్రాన్స్‌ఫర్’ వచ్చింది. ‘ట్రాన్స్‌లాతుస్’ అనే విశేషణ రూపం నుంచి ‘ట్రాన్స్‌లేట్’ వచ్చింది. అంటే గుమాస్తా బదిలీ, గ్రంథానువాదం ఒకే క్రియకు రెండు రూపాలు. ‘రిఫర్’, ‘రిలేట్’ జంట కూడా ఇలాంటిదే.

ఇక్కడ మనకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. లాటిన్ ‘ఫెరో’కూ సంస్కృతంలోని ‘భృ’ ధాతువుకూ చుట్టరికం ఉందని భాషాశాస్త్రజ్ఞులు ఏనాడో తేల్చారు. మన ‘భారం’, ‘భరించు’ అక్కడివే. ‘తులి’, ‘లాతుస్’ రూపాలకు మూలం ఎత్తు, మోయు అనే అర్థమున్న మరొక ధాతువు. సంస్కృతంలో ‘తుల’, గ్రీకులో తూనికకు పేరైన ‘తాలంతోన్’ దాని బంధువులే. అంటే లాటిన్ వాడి ఒక్క క్రియలోని రెండు ధాతువులూ మన ‘తులాభారం’లో పక్కపక్కనే కూర్చున్నాయి. ఇక ‘ట్రాన్స్’కు చుట్టం మన ‘తరించు’. ‘తీర్థం’ కూడా ఆ ఇంటిదే. తీర్థమంటే మొదట ఏరు దాటే రేవు. ఒక బరువును ఎత్తుకుని ఏరు దాటడం, ఇదీ ‘ట్రాన్స్‌లేట్’ అనే మాట లోపల ఉన్న బొమ్మ.

ఆ బొమ్మలో మొదట మోయబడినవి మాటలు మాత్రమే కావు. మధ్యయుగాల ఐరోపాలో ఈ మాట ఎముకలను గురించీ మనుషులను గురించీ వాడేవారు. ఒక మహాత్ముడి అస్థికలను ఒక సమాధి నుంచి మరొక చోటికి లాంఛనంగా తరలిస్తే అది ‘ట్రాన్స్‌లేషన్’. 1087లో సెయింట్ నికొలస్ అస్థికలను మైరా నుంచి ఇటలీలోని బారి పట్టణానికి తీసుకుపోయారు. 1170లో హతుడైన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థామస్ బెకెట్ అస్థికలను 1220లో కొత్త సమాధికి మార్చారు. ఈ రెండింటినీ క్రైస్తవ చరిత్రలో ట్రాన్స్‌లేషన్ అనే అంటారు. ఒక బిషప్పును ఒక పీఠం నుంచి మరొక పీఠానికి మారిస్తే ఆయన ‘ట్రాన్స్‌లేట్’ అయ్యాడని ఇప్పటికీ అంటారు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో హనోకు చావు చూడకుండానే దేవుని దగ్గరికి పోయిన సందర్భంలో ఈ క్రియే ఉంది. తెలుగు బైబిలు చదివేవారికి అక్కడ ‘కొనిపోబడుట’ అనే మాట గుర్తుంటుంది. నిజానికి ‘ట్రాన్స్‌లేట్’ ధాత్వర్థానికి దానికన్నా దగ్గరి తెలుగు మాట లేదు.

అలంకారశాస్త్రంలో కూడా ఈ మాటకు చోటుంది. గ్రీకులో ‘మెటా’, ‘ఫెరైన్’ కలిసి ‘మెటఫర్’ అయింది. అదీ ఒకచోటి నుంచి మరొక చోటికి మోసుకుపోవడమే. లాటిన్ ఆలంకారికులు దాన్ని తమ భాషలో ‘ట్రాన్స్‌లాతియో’ అన్నారు. ఒక వస్తువు పేరును మరొక వస్తువుకు చేర్చే రూపకం, ఒక భాషలోని అర్థాన్ని మరొక భాషకు చేర్చే అనువాదం, రెండూ వారికి ఒకే మాట. అనువాదం కవిత్వం కాదనేవారు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

ఇదే క్రియ చెప్పులు కుట్టేవారి వీధికి కూడా దిగింది. పాత జోళ్లను విప్పి, పనికొచ్చే తోలు ఏరి, కొత్త జోడుగా కుట్టే పనివాణ్ణి ఒకప్పుడు లండన్ వాడుకలో ‘ట్రాన్స్‌లేటర్’ అనేవారు. అలా తయారైన జోళ్లకూ అదే పేరు. బిషప్పు నుంచి పాత జోడు దాకా ఒకే క్రియ సరిపోయిందంటే దాని అర్థం భాషకు సంబంధించినది కాదు, స్థలానికీ రూపానికీ సంబంధించినదని తేలుతోంది. ఒక వస్తువు చోటు మారాలి, లేదా రూపు మారాలి. మారాక కూడా అది అదేనని మనం ఒప్పుకోవాలి. ఈ ఒప్పుకోలులోనే తగాదా అంతా ఉంది.

ఎంత పెద్ద తగాదా అంటే ప్రాణాలు పోయేటంత. బైబిలు కొత్త నిబంధనను గ్రీకు నుంచి ఇంగ్లీషు చేసి 1526లో అచ్చు వేయించిన విలియం టిండేల్‌ను 1536లో ఉరి బిగించి తగలబెట్టారు. ఫ్రాన్సులో ఎటియెన్ దోలే అనే పండితుణ్ణి 1546లో చంపారు. ఆయన మీద మోపిన నేరాల్లో ఒకటి, ప్లేటో పేరున ఉన్న ఒక సంభాషణను ఫ్రెంచి చేస్తూ మూలంలో లేని మూడు చిన్న మాటలు చేర్చాడని. చావు తర్వాత మనిషికి ఏమీ మిగలదనే అర్థాన్ని ఆ మాటలు గట్టి చేశాయట. మూడు మాటల తేడాకు మనిషి తల పోయిన కాలమది.

దోలే ఫ్రెంచివాడు కాబట్టి యానాం పెద్దలకు తెలిసిన ఇంకొక మాట చెప్పుకోవాలి. ఫ్రెంచిలో అనువదించడాన్ని ‘ట్రద్విర్’ అంటారు. అది లాటిన్ ‘ట్రాదూచెరె’ నుంచి వచ్చింది. దాటించి నడిపించుకుపోవడం అని అర్థం. ఒక మనిషిని కోర్టుకు ఈడ్చడానికి కూడా ఫ్రెంచివారు అదే క్రియ వాడతారు. ఆ లాటిన్ మాటే ఇంగ్లీషులో ‘ట్రడ్యూస్’ అయింది. దాని అర్థం నింద వేయడం, పరువు తీయడం. ఒకే లాటిన్ క్రియ ఒక దేశంలో అనువాదమై, పక్క దేశంలో అపనింద అయింది. అనువాదకుడు ద్రోహి అని ఇటాలియన్ వారు చేసే శబ్దచమత్కారం కంటే ఈ నిజం గట్టిది.

ఇక ఇప్పటి వాడుక. ఇంగ్లీషులో ఈ క్రియ సకర్మకంగానూ అకర్మకంగానూ నడుస్తుంది. ఒకడు పద్యాన్ని ట్రాన్స్‌లేట్ చేయవచ్చు. పద్యమే తనంతట తాను ట్రాన్స్‌లేట్ కావచ్చు, కాకపోవచ్చు. రెండో వాడుకను మనం తెలుగులో ఎలా చెబుతాం? ‘ఈ పద్యం అనువాదానికి లొంగదు’ అంటాం. ఇంగ్లీషువాడికి పద్యం సరకు. అది దాటుతుందా దాటదా అన్నదే ప్రశ్న. మనకు పద్యం పోట్లగిత్త. అది లొంగుతుందా లొంగదా అన్నది ప్రశ్న. ఎవరి ఊహ వారిది.

లెక్కల్లో ఒక ఆకారాన్ని తిప్పకుండా, సాగదీయకుండా, ఉన్నదున్నట్టు పక్కకు జరిపితే దాన్ని ట్రాన్స్‌లేషన్ అంటారు. జీవశాస్త్రంలో దీనికి ఇంకా చక్కని ప్రయోగం ఉంది. కణంలో డి.ఎన్.ఎ. లోని సమాచారం మొదట ఆర్.ఎన్.ఎ. గా నకలు అవుతుంది. ఇద్దరి అక్షరాలూ దాదాపు ఒకటే కనుక శాస్త్రజ్ఞులు దానికి ‘ప్రతి తీయడం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ తర్వాత నాలుగే అక్షరాల ఆ లిపి నుంచి మూడేసి అక్షరాలు చొప్పున చదువుతూ ప్రోటీను తయారవుతుంది. నాలుగు అక్షరాలతో మూడక్షరాల మాటలు 64 వస్తాయి. ప్రోటీనులో మామూలుగా వాడే అమినో ఆమ్లాలు 20. లిపి మారింది, మాటల లెక్క మారింది, కాబట్టి ఈ రెండో పనికి మాత్రమే వాళ్లు ‘ట్రాన్స్‌లేషన్’ అని పేరు పెట్టారు. నకలుకూ అనువాదానికీ ఉన్న తేడా సాహిత్యవేత్తలకంటే వారికే బాగా తెలిసినట్టుంది.

రాజకీయ వార్తల్లో ‘సభలకు వచ్చిన జనం ఓట్లుగా ట్రాన్స్‌లేట్ కాలేదు’ అనే వాడుక ఈమధ్య తెలుగులోకీ దిగింది. ‘ఓట్లుగా మారలేదు’ అంటే చాలు. అవసరం లేని చోట ఇంగ్లీషు క్రియను తెచ్చుకుని, అవసరమైన చోట దాని అర్థం మరవడం మన అలవాటు.

మూడు పనులను కలగలపకూడదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. రాతను రాతగా మార్చేది అనువాదం. ఎదుట నిలబడి నోటి మాటను నోటి మాటగా మార్చేది దుబాసీ పని. భాష మార్చకుండా లిపి ఒక్కటే మార్చేది లిప్యంతరం. ద్విభాషి నుంచి వచ్చిన ‘దుబాసీ’ చరిత్రలో మన దక్షిణాది తెలుగువారికి పెద్ద భాగమే ఉంది. కర్నల్ మెకంజీ వెంట మైసూరు సీమ తిరిగిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు అలాంటివారు. మద్రాసు సదరు కోర్టులో అనువాదకుడుగా, దుబాసీగా పనిచేసిన వెన్నెలకంటి సుబ్బారావు తన జీవితకథను ఇంగ్లీషులో రాసుకోగా, ఆయన పోయిన చాలా ఏళ్లకు 1873లో అది అచ్చయింది. తెలుగువాడు తన సొంత జీవితాన్ని తానే ఇంగ్లీషులో చెప్పుకున్న తొలి పుస్తకాల్లో అదొకటి. ఊరి మాటను దొరకూ, దొర మాటను ఊరికీ చేరవేయడంలో జీవితం గడిపినవాడు తన మాటను చివరికి ఏ భాషలో దాచుకున్నాడో చూడండి.

ఇప్పుడు మన మాటల దగ్గరికి వద్దాం. ‘అనువాదం’ అంటే వెనుక పలకడం. సంస్కృత శాస్త్రాల్లో ఇది, ముందే తెలిసిన, ముందే చెప్పిన సంగతిని మళ్లీ చెప్పడానికి పేరు. విధివాక్యం కొత్త సంగతి చెబుతుంది, అనువాదం దాన్ని తిరిగి చెబుతుంది. అందులో భాష మారాలన్న నియమం లేదు. ఇంగ్లీషు మాటకు సమానంగా దీన్ని నిలబెట్టడం ముఖ్యంగా 19వ శతాబ్దంలో జరిగింది. కన్నడంలో ‘అనువాద’, ఒడియాలో ‘అనుబాద’ ఈ దారిలోవే. మరాఠీవారు ‘భాషాంతర్’ అని కూడా అంటారు. అందులో భాష మారిందన్న సంగతి మాత్రమే ఉంది. తమిళంలో ‘మొళిపెయర్ప్పు’. భాషను కదిలించడం, పెకలించి జరపడం అని దాని అర్థం. తొల్కాప్పియంలోనే ఈ మాట ఉంది. మూలగ్రంథాన్ని అనుసరించి వచ్చే గ్రంథాల రకాల్లో దీన్ని ఒకటిగా చెప్పారు. లాటిన్ బొమ్మకు దగ్గరగా వచ్చేది ఇదొక్కటే. నవాబుల కాలపు కచేరీల నుంచి మనకు ‘తర్జుమా’ వచ్చింది. అది అరబ్బీ మాట. మన దుబాసీ వంటివాణ్ణి తుర్కీ దేశాల్లో ఐరోపావారు ‘డ్రాగొమన్’ అన్నది కూడా ఆ మాట నుంచే.

ఇన్ని మాటలుండగా మన పాతవాళ్లు వాడిన మాట వేరు. నన్నయ 11వ శతాబ్దంలో మొదలుపెట్టి, తిక్కన, ఎఱ్ఱన పూర్తిచేసిన భారతాన్ని మనం అనువాదం అనం. ‘తెనిగించారు’ అంటాం. ఈ క్రియలో మోయడం లేదు, వెనుక పలకడం లేదు. చేరిన చోటు పేరే క్రియ అయింది. ఒక వస్తువును తెలుగు అయ్యేటట్టు చేయడం, అంతే. ఇలాంటి క్రియ ఇంగ్లీషులోనూ ఉండేదన్న సంగతి చాలామందికి తెలియదు. 16, 17 శతాబ్దాల ఇంగ్లీషు పుస్తకాల ముఖపత్రాల మీద ‘ఫలానావాడు ఇంగ్లీషించినది’ అనే అర్థంలో ‘ఇంగ్లిష్డ్’ అని వేసేవారు. తర్వాత వారు ఆ మాట వదిలేసి ‘ట్రాన్స్‌లేట్’ ఒక్కటే ఉంచుకున్నారు. మనమూ ‘తెనిగించు’ను పాత కావ్యాలకు వదిలేసి ‘తెలుగులోకి అనువదించు’ అంటున్నాం. ఆ ‘లోకి’ గమనించండి. అది ఇంగ్లీషు నుంచి వచ్చిన ఒడ్డు.

విమర్శకు అసలు చోటు ఇక్కడుంది. ‘ట్రాన్స్‌లేట్’ అనే బొమ్మలో ఏరు ఒకటి, ఒడ్లు రెండు, బరువు ఒకటి, మోసేవాడు ఒకడు. ఒక ఒడ్డున ఒక భాషవారే, అవతలి ఒడ్డున మరొక భాషవారే ఉంటారన్నది ఆ బొమ్మలో దాగిన నమ్మకం. సిరొంచ వెళ్లి చూడండి. గోదావరికి ఇవతల కాళేశ్వరం తెలంగాణ, అవతల సిరొంచ మహారాష్ట్ర. రెండు ఒడ్లా తెలుగే వినిపిస్తుంది. ఏరు దాటితే మారేది కచేరీ భాష, బడి భాష, బస్సు మీది అక్షరాలు. మన అనుభవంలో భాష ఒడ్డుకు ఒకటి కాదు. ఒకే ఇంట్లో వంటగదికి ఒకటి, వీధి గుమ్మానికి ఒకటి.

అందుకే అనువాదంలో మనకు ఎదురయ్యే ప్రమాదాలు కూడా వేరు. హైదరాబాదులో కూర్చుని ఇంగ్లీషు నుంచి అనువదించేవాడికి తెలియని మాట అడ్డం వస్తుంది. మనకు తెలిసిన మాటే అడ్డం వస్తుంది. తమిళంలో ‘అవసరం’ అంటే తొందర, తెలుగులో అక్కర. తమిళ కథలో ఒకడు ‘అవసరంగా’ పోయాడంటే పరుగున పోయాడని. ‘ఉపన్యాసం’ మనకు సభలో ఇచ్చేది. బరంపురంలో ఒడియా పుస్తకాల దుకాణంలో ‘ఉపన్యాస్’ అడిగితే నవల చేతిలో పెడతారు. అదే నవల బళ్లారిలోనూ షోలాపురంలోనూ ‘కాదంబరి’. బాణుడి కథానాయిక పేరు కన్నడంలోనూ మరాఠీలోనూ ఒక సాహిత్య ప్రక్రియకే పేరైంది. మనం మాత్రం ‘నవల’ అన్నాం. ‘చేష్ట’ మనకు పని, మరాఠీలో ఎగతాళి. ఇరుగుపొరుగు భాషల నుంచి చేసే అనువాదాలు కష్టం లేనివని, చుట్టాల మధ్య పనే కదా అని అనుకునేవారు ఈ మాటల దగ్గర కాలు జారుతారు. చుట్టరికం ఉన్న చోటే పొరపాటు పసికట్టడం కష్టం.

‘ట్రాన్స్‌లేట్’ అంటే మనుషులను తరలించడం కూడా అని ముందే చూశాం. ఆ అర్థాన్ని మన చరిత్రకు పట్టించి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. 1936లో ఒరిస్సా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి అందులో చేరింది. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చి, వాడుక తెలుగు కోసం జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. 1953లో బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు రాగా బళ్లారి పట్టణం మైసూరుకు పోయింది. 1954లో యానాం ఫ్రెంచివారి చేతి నుంచి భారతదేశానికి వచ్చింది. చట్టప్రకారం అది పూర్తయింది 1962లో. 1960లో తిరుత్తణి ఆంధ్ర ప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. వీటన్నిటినీ ఇంగ్లీషు కాగితాల్లో ‘ట్రాన్స్‌ఫర్’ అన్నారు. అంటే ‘ట్రాన్స్‌లేట్’కు తోబుట్టువు. అయితే ఇక్కడ మోయబడినది ఏదీ లేదు. గిడుగు వంటి ఒకరిద్దరు తప్ప మనుషులు కదలలేదు, పొలాలు కదలలేదు, గుడి కదలలేదు. గీత ఒక్కటే కదిలింది. అందుకే మనల్ని ‘ప్రవాసాంధ్రులు’ అనడం నాకు నచ్చదు. ప్రవాసం పోయినవాళ్లు ఉన్నారు, నిజమే. షోలాపురం మగ్గాల దగ్గరికి తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలు ఉన్నారు. కానీ మనలో సగం మంది ఎక్కడికీ పోనివాళ్లు.

సల్మాన్ రష్దీ 1982లో రాసిన ‘ఇమాజినరీ హోమ్‌లాండ్స్’ అనే వ్యాసంలో ఈ లాటిన్ మూలాన్నే గుర్తుచేసి, ప్రపంచం దాటి వచ్చిన తనలాంటివారు తామే అనువాదాలని చెప్పుకున్నాడు. అనువాదంలో ఎప్పుడూ ఏదో పోతుందంటారు గాని, ఏదో దక్కుతుంది కూడా అన్నది ఆయన వాదం. అందమైన వాదమే. కానీ అది సముద్రం దాటి, ఇంగ్లీషు అనే పెద్ద అంగడికి చేరినవాడి వాదం. దక్కేది ఏమిటన్నది ఏ భాష నుంచి ఏ భాషకు దాటామన్న దాని మీద ఉంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళమో కన్నడమో చదివి, తెలుగు అక్షరాలు రాకుండా పెరిగిన పిల్లకు దక్కినది ఏమిటో, పోయినది ఏమిటో రష్దీ తూనికరాళ్లతో తూచలేం. రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350 ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందే ఏర్పాట్లకు ప్రయత్నించమని రాష్ట్రాలకు చెబుతోంది. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని పదో తరగతి దాకా అంచెలంచెలుగా తప్పనిసరి చేసింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవద్దని ఎవరూ అనరు. దాని పక్కన తన భాషకు చోటెంత అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు సాహిత్యంలో ఒక గొప్ప ఉదాహరణ ఉంది. తమిళంలో కి. రాజనారాయణన్ 1976లో వెలువరించిన ‘గోపల్ల గ్రామం’. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌కు చెందిన ఆయన తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టి తమిళంలో రాసి, ఆ కథకు కొనసాగింపైన నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి పొందారు. 2021లో కన్నుమూశారు. పాలకుడికి భయపడి తెలుగు సీమ నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలు నల్లరేగడి నేలలో అడవి నరికి ఊరు కట్టుకున్న కథ అది. చాలా భాగం ఒక ముసలవ్వ చెప్పగా వింటాం.

ఆ నవలను తమిళ విమర్శకులు కరిసల్ నేల సాహిత్యానికి తలమానికంగా మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసిందే. కానీ మనం అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలి ఉంది. ఆ అవ్వ ఆ కథను ఏ భాషలో చెప్పి ఉంటుంది? తెలుగులోనే కదా. వాళ్లు ఏడ్చినది, అడవికి నిప్పు పెట్టేటప్పుడు కేకలు వేసుకున్నది తెలుగులోనే. ఆ తెలుగును ఎవరూ కాగితం మీద పెట్టలేదు. రచయిత దాన్ని నేరుగా తమిళంలో పలికించారు. అంటే ‘గోపల్ల గ్రామం’ మూలం అచ్చు కాని అనువాదం. మూలం ముసలివాళ్ల నోళ్లలో ఉండి, వాళ్లతోనే వెళ్లిపోయింది. ఇందులో రచయిత తప్పు లేదు. ఆయన చదువు తమిళం, ఆయన పాఠకులు తమిళులు. ఆయన రాయకపోతే ఆ కథే లేదు.

అలాంటి నవలను తెలుగు చేయాలంటే ఏ క్రియ వాడాలి? ‘ట్రాన్స్‌లేట్’ చాలదు, ఎందుకంటే అవతలికి మోయడం కాదు, ఇంటికి మళ్లించడం. ‘అనువదించు’ చాలదు, ఎందుకంటే వెనుక పలకడానికి ముందు పలికినదే ఇంకొకరి నోట ఉంది. ‘తెనిగించు’ అందామంటే, ఏ తెనుగు? విజయవాడ పత్రికల తెలుగులో ఆ అవ్వ మాట్లాడితే అది రెండోసారి ఊరు విడిచి పారిపోయినట్టే. ఆమెకు కోవిల్‌పట్టి, ఎట్టయాపురం పల్లెల తెలుగు కావాలి. తమిళ యాస కలిసి, మనం ఎప్పుడో మరిచిన పాత మాటలు నిలుపుకున్న ఆ తెలుగు ఏ నిఘంటువులోనూ దొరకదు. దాన్ని ఇప్పటికీ ఇంట్లో మాట్లాడేవాళ్ల దగ్గరే దొరుకుతుంది.

ఇది సాధ్యమేనని చూపిన రచన మనకు ఉంది. స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ పులికాటు సరస్సు చుట్టూ ఉన్న పల్లెల తెలుగును ఉన్నదున్నట్టు నిలబెట్టాయి. ఆ కథల మీద వచ్చే ఫిర్యాదు అర్థం కావడం లేదనే. నా దృష్టిలో అది కథల లోపం కాదు. కోస్తా యాసనో తెలంగాణ యాసనో కష్టపడి చదివే పాఠకుడు సరిహద్దు తెలుగు దగ్గరికి వచ్చేసరికి అర్థం కాలేదంటే, అతని ఊహలో తెలుగు దేశపు పటం రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోయిందన్నమాట. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. యాస ఒక్కటే రచనను నిలబెట్టదు. మన సరిహద్దు రచనల్లో మాండలిక పదాలు పేర్చి కథను మరిచినవి కూడా ఉన్నాయి. అలాంటివి అస్థికల తరలింపు వంటివి. లాంఛనం ఘనం, ప్రాణం లేదు.

ఇంకొక కొసన మేలట్టూరు ఉంది. తంజావూరు సీమలోని ఆ ఊళ్లో ఏటా నరసింహ జయంతికి భాగవతమేళం తెలుగులోనే ఆడతారు. ఆడేవారిలోనూ చూసేవారిలోనూ ఎక్కువమంది ఇంటి భాష తమిళం. వాళ్లు దాన్ని అనువదించుకోలేదు. త్యాగరాజ కృతులనూ ఎవరూ అనువదించి పాడరు. అక్కడ తెలుగు అర్థమయ్యే భాషగా కాక మొక్కే భాషగా మిగిలింది. అది గౌరవమే, కానీ గుడిలో నిలిపిన మాట వీధిలో నడవదు. మొత్తం అనువాదమైపోతే భాష పోతుంది. అసలు అనువాదమే కాకపోతే భాష విగ్రహమవుతుంది. రచయితకూ అనువాదకుడికీ పని ఈ రెండింటి నడుమ ఉంది.

ఈ రోజుల్లో చేతిలోని ఫోనే క్షణంలో తమిళాన్ని తెలుగు చేసి పెడుతోంది కదా అనవచ్చు. చేస్తోంది, కచేరీ కాగితానికి పనికొస్తోంది కూడా. కానీ ఆ యంత్రం రాతలో ఉన్న తెలుగు చూసి నేర్చుకున్నది. మనం రాయని మాట దానికి తెలియదు. పైగా అది రాని మాటను రాలేదని వదలదు, పత్రికల తెలుగులో దగ్గరగా ఉన్న మాటను తెచ్చి పెడుతుంది. చదివేవాడికి తేడా తెలియదు. మన పిల్లలు తమ అవ్వ మాటే తప్పు, ఫోను మాటే ఒప్పు అనుకునే రోజు ఎంతో దూరంలో లేదు.

కాబట్టి ‘ట్రాన్స్‌లేట్’ అనే క్రియను మనం వదులుకోనక్కరలేదు గాని దాని తూనికను గుర్తుపెట్టుకోవాలి. తులాభారంలో ఒక తట్టలో మనిషి, రెండో తట్టలో అంతే బరువైన బెల్లమో ధాన్యమో ఉంటాయి. బెల్లం మనిషి కాదు, మనిషి బెల్లం కాదు. బరువు సరితూగితే మొక్కు తీరినట్టు. మంచి అనువాదం అలాంటిది. అయితే రెండో తట్ట మీద పెట్టడానికి మన దగ్గర సరుకుండాలి. ‘గోపల్ల గ్రామం’ తమిళంలో చదివిన తిరునల్వేలి, తూత్తుకుడి సీమల తెలుగువారు మనలో చాలామంది ఉన్నారు. అవ్వ మాట్లాడే ఒక్క పేజీ తీసుకుని, అనువాదం చేస్తున్నామని అనుకోకుండా, మీ ఇంట్లో ముసలివాళ్లు ఆ సంగతిని ఎలా చెబుతారో అలా రాసి చూడండి. తెలియని చోట వాళ్లనే అడగండి. హోసూరువారు, పర్లాకిమిడివారు, సిరొంచవారు తమ తమ పొరుగు భాషల కథలతో ఇదే పని చేయవచ్చు. పది పేజీలు పోగైనా సరే, ఏ నిఘంటువులోనూ లేని తెలుగు అంతమేరకు రాతలో ఉంటుంది.